విశేషణాలూ తీర్పులూ: వియత్నాం అనుభవం

విమర్శలో విశేషణం ఊరికే రాదు. దాని వెనుక చరిత్ర ఉంటుంది. వియత్నాం సాహిత్య విమర్శ ఇందుకు సాక్ష్యం.

1935-39 మధ్య హాయ్ త్రియెవ్ 'కళ జీవితం కోసం' అని వాదించాడు. హ్వాయ్ థాన్ 'కళ కళ కోసమే' అన్న పక్షాన నిలిచాడు. ఎవరి మాటకైనా జవాబు చెప్పే వీలుండేది. 1943లో కమ్యూనిస్టు నాయకుడు త్రువోంగ్ చిన్ రాసిన సాంస్కృతిక ప్రణాళిక సంస్కృతి జాతీయంగా, శాస్త్రీయంగా, ప్రజలదిగా ఉండాలన్నది. పరాయి పాలనలో నలుగుతున్న జాతికి అవి దారి చూపిన మాటలు.

1956లో 'న్యాన్ వాన్' పత్రిక చుట్టూ చేరిన రచయితలు సృజన స్వేచ్ఛ కోరారు. అప్పుడు కొలమానం కాస్తా తీర్పుగా మారింది. 1958 నాటికి 'విధ్వంసకులు', 'అభివృద్ధి నిరోధకులు' అన్న ముద్రలే విశ్లేషణగా చెలామణీ అయ్యాయి. త్రాన్ దాన్, లే దాత్ వంటి కవుల పుస్తకాలు దశాబ్దాలపాటు అచ్చుకు నోచుకోలేదు. 2007లో ప్రభుత్వమే వారికి రాజ్య పురస్కారం ప్రకటించింది. త్రాన్ దాన్ అప్పటికి చనిపోయి పదేళ్ళు.

వర్గదృష్టిని వదులుకోమని దీని అర్థం కాదు. రచనలో ఏ వాక్యాన్ని బట్టి ఆ మాట అంటున్నామో చూపలేకపోతే, ఆ మాట వాడే హక్కు విమర్శకులమైన మనకు లేదు.