సిపాయి చచ్చాక ఏ శ్మశానానికి పోవాలి?

ఈ వరుసలో ఇంతకుముందు బడి గురించీ, మంచినీళ్ల గురించీ మాట్లాడుకున్నాం. ఈసారి శ్మశానం గురించి, అందులోనూ సిపాయిల శ్మశానం గురించి రాస్తున్నాను. కాస్త పొడుగే. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

అక్టోబరు 21, నవంబరు 11, జనవరి 1. మూడూ చనిపోయిన సిపాయిల్ని తలుచుకునే రోజులే. మొదటిది మన దేశంలో పోలీసు అమరవీరుల సంస్మరణ దినం. 1959లో ఆ రోజు లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో 10 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. రెండోది 1918లో మొదటి ప్రపంచయుద్ధం ఆగిన రోజు. ఆ మరుసటి ఏడు నుంచి బ్రిటన్‌లో ఆ పూట 11 గంటలకు రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. మూడోది ఏ సర్కారు క్యాలెండర్లోనూ ఉండదు. మనవాళ్లు లక్షలమంది భీమా నది ఒడ్డున కోరేగావ్ స్తంభం ముందు నిలబడే రోజు అది. ఈ మూడు తేదీలకూ మూడు కథలున్నాయి. వరసగా చెప్తాను.

1. సుఖా

1915 జనవరి 12న దక్షిణ ఇంగ్లండులో బ్రోకెన్‌హర్స్ట్ అనే ఊళ్లో సుఖా అనే మనిషి చనిపోయాడు. వయసు 30 ఏళ్లు. సొంతూరు బరేలీ. గాయపడ్డ భారత సిపాయిల కోసం అక్కడ పెట్టిన లేడీ హార్డింజ్ ఆసుపత్రిలో స్వీపర్. మన ఊళ్ల భాషలో చెప్పాలంటే పాకీపని.

ఆ ఆసుపత్రుల్లో తెల్లదొరలు కులాన్ని మహా శ్రద్ధగా కాపాడారు. బ్రైటన్‌లో రాజుల విడిది భవనాన్ని ఆసుపత్రిగా మార్చినప్పుడు మతానికీ కులానికీ తగ్గట్టు తొమ్మిది వంటశాలలు పెట్టారు. హిందువులకో కుళాయి, ముస్లింలకో కుళాయి. అక్కడ చనిపోయిన హిందువులనూ సిక్కులనూ ఊరి బయట గుట్టమీద దహనం చేశారు. అలా 53 మందిని కాల్చినచోట 1921లో తెల్లరాతి ఛత్రీ కూడా లేచింది. ముస్లింలకు వోకింగ్ మసీదు ఉంది. సముద్రం దాటితే కులం పోతుందని మన శాస్త్రాలు భయపెట్టాయి గానీ, కులం కూడా అదే ఓడలో టికెట్టు కొనుక్కుని వెళ్లింది.

సుఖా చనిపోయాక ఏమైందో అప్పట్లో భారత క్షతగాత్రుల బాధ్యత చూసిన వాల్టర్ లారెన్స్ తన జ్ఞాపకాల్లో రాశాడు. అతని కథనం ప్రకారం, అంటరానివాడని హిందువులు సుఖా దహనానికి ఒప్పుకోలేదు. ముస్లిం కాదని వోకింగ్ ఇమాం ఒప్పుకోలేదు. చివరికి బ్రోకెన్‌హర్స్ట్ సెయింట్ నికోలస్ చర్చి పాస్టరు, మా సమాధుల దొడ్లో పెట్టుకుంటామని ముందుకొచ్చాడు. ఆ చర్చి జనమే సమాధిరాయి వేయించారు. ఇతను క్రైస్తవుడు కాకపోయినా ఇతరుల మేలు కోసం ప్రాణం పెట్టాడన్న అర్థం వచ్చేలా దానిమీద చెక్కించారు. పేరు, వయసు, బరేలీలో వాడ పేరుతో సహా ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి.

ఇది చదివి తెల్లవాళ్ల దయాగుణం అని మురిసిపోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగాలి. ఆ యుద్ధానికి ఇక్కడినుంచి పోయిన 13 లక్షల పైచిలుకు మందిలో ఐదున్నర లక్షలకు పైగా తుపాకీ పట్టినవాళ్లు కారు. కూలీలు, కంచరగాడిదలు తోలేవాళ్లు, నీళ్లు మోసే భిస్తీలు, చాకళ్లు, వంటవాళ్లు, స్వీపర్లు. సైన్యం లెక్కల్లో వీళ్లకు ‘ఫాలోయర్లు’ అని వేరే పద్దు. ముందు నడిచేది సిపాయి, వెనక నడిచేది వీడు. చరిత్రకారిణి రాధికా సింఘా ఈ కూలీల యుద్ధం మీద ఒక పుస్తకమే రాశారు. విద్యార్థులు తప్పక చదవాలి.

తుపాకీ పట్టినవాడికైనా పేరు దక్కిందా అంటే, అదీ అందరికీ దక్కలేదు. మెసపటోమియాలో చనిపోయినవాళ్ల కోసం 1929లో బస్రాలో స్మారకం కట్టారు. బ్రిటిష్ సైనికుల్లో కింది ర్యాంకు వాడి పేరు కూడా చెక్కారు. భారతీయుల్లో అధికారుల పేర్లు మాత్రం చెక్కి, మామూలు సిపాయిలను రెజిమెంటువారీగా అంకెలుగా వేశారు. ఫలానా పటాలంలో ఇంతమంది, అంతే. బ్రిటిష్ యుద్ధ సమాధుల కమిషనే 2021 ఏప్రిల్‌లో ఒక నివేదిక వేసి ఈ సంగతి ఒప్పుకుంది. ఆసియా, ఆఫ్రికాలకు చెందిన 45,000 నుంచి 54,000 మంది మృతులకు తెల్లవాళ్లతో సమానమైన స్మరణ దక్కలేదనీ, కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో స్మరణే లేదనీ అందులో ఉంది. దానికి మూలం జాతివివక్ష అని కూడా రాసుకున్నారు.

ఒకవైపు తెల్లవాడి జాతి, మరోవైపు మనవాడి కులం. ఈ రెండింటి మధ్య సుఖా పేరు రాయిమీదికి ఎక్కిందంటే, ఆ ఊరిజనం మంచితనం ఒక కారణం. ఇంకో కారణం, అతని చావుకి వేరే చోటు ఎక్కడా లేకపోవడం.

2. ‘నాక్’

ప్రతి జనవరిలోనూ క్లాసులో ఒక ప్రశ్న వస్తుంది. “సార్, కోరేగావ్‌లో గెలిచింది ఈస్టిండియా కంపెనీ కదా. పరాయివాడి జీతానికి చనిపోయినవాళ్లకు మనం దండలెందుకు వేయాలి?” అడిగే పిల్లల్లో మనవాళ్లూ ఉంటారు. ప్రశ్న మంచిదే. దాన్ని దేశద్రోహం మాటలతో కాకుండా చరిత్రతో చూడాలి.

1818 జనవరి 1న కెప్టెన్ స్టాంటన్ కింద ఉన్న 800 పైచిలుకు మంది పేష్వా రెండో బాజీరావు సైన్యానికి కోరేగావ్ ఊళ్లో ఎదురు నిలిచారు. తిండీ నీళ్లూ లేకుండా పొద్దుగుంకేదాకా పోరాడారు. వాళ్లలో బొంబాయి పదాతి దళం ఉంది, పూనా గుర్రపు దళం ఉంది, రెండు ఫిరంగులతో మద్రాసు ఆర్టిలరీవాళ్లూ ఉన్నారు. తర్వాత కంపెనీ అక్కడ స్తంభం వేసింది. దానిమీద చనిపోయిన 49 మంది పేర్లున్నాయి. అందులో 22 పేర్ల చివర ‘నాక్’ అని ఉంటుంది. అది మహార్ల పేర్ల తోక.

నిజం నిజంగా చెప్పుకుందాం. కంపెనీ వైపు మహార్లు ఒక్కరే లేరు. మరాఠాలు, రాజపుత్రులు, ముస్లింలు ఉన్నారు. పేష్వా తరఫున గట్టిగా పోరాడినవాళ్లలో అరబ్బులున్నారు. ఆ రోజు ఏ మహార్ సిపాయి మనసులో ఏముందో మనకు చెప్పే కాగితం లేదు. కంపెనీ ఆ స్తంభం వేసింది తన గొప్ప కోసం. మన కోసం కాదు.

మరి బాబాసాహెబ్ 1927 జనవరి 1న అక్కడికి ఎందుకు వెళ్లారు? పేష్వాల పుణెలో అంటరానివాడు మెడకు ముంత, నడుముకు చీపురు కట్టుకుని తిరగాల్సి వచ్చేదని కులనిర్మూలనలో రాసింది ఆయనే. ఉమ్మితే నేల, నడిస్తే దారి మైలపడతాయని. అలాంటి నేలమీద ఒక రాయి నిలబడి ఉంది. మిగతా కులాల పేర్లతో ఒకే వరసలో, ఒకే సైజు అక్షరాల్లో, 22 మంది అంటరానివాళ్ల పేర్లు దానిమీద ఉన్నాయి. ఊరు మనల్ని పేరు సగం విరిచి పిలిచేది. రాయి పూర్తిగా పలికింది. తెలుగులో ఆత్మకథలు చదివినవాళ్లకు పేరు విరిచి పిలవడమంటే ఏమిటో నేను వివరించక్కర్లేదు.

ఇక కంపెనీ విశ్వాసం సంగతి. 1857 తర్వాత బ్రిటిష్ వాళ్లకు ‘యుద్ధజాతులు’ అనే సిద్ధాంతం పట్టుకుంది. 1890ల మొదట్లో మహార్ల భర్తీ ఆపేశారు. మన దగ్గరా అదే జరిగింది. మద్రాసు సైన్యంలో పరయర్లు, మాలలు తరాల తరబడి పనిచేశారు. ఆ శతాబ్దం చివరికి తెలుగువాళ్ల భర్తీ దాదాపు ఆగిపోయింది. అవసరం తీరాక మనల్ని మళ్లీ ఊరి బయటికి పంపారు. మాజీ సైనికుడు గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లోనే దీనిమీద విజ్ఞాపన తయారుచేశాడు. 1910లో శివరామ్ జాన్బా కాంబ్లే మరొకటి పంపాడు. మా తాతలు మీకోసం చచ్చారు, మాకు ఉద్యోగం ఎందుకివ్వరు అన్నది వాటి సారం. 1917లో యుద్ధానికి మనుషులు కావాల్సొచ్చి 111వ మహార్ పటాలం లేపారు. యుద్ధం అయ్యాక 1921లో రద్దు. మళ్లీ 1941లో మహార్ రెజిమెంటు. 1943లో లేపిన చమార్ రెజిమెంటు బర్మా యుద్ధంలో పోరాడింది, 1946లో దాన్ని రద్దు చేశారు.

ఈ వరస చూస్తే అర్థమవుతుంది. మన పూర్వీకులు చనిపోయినవాళ్ల లెక్క చెప్పింది రాజభక్తి చాటుకోవడానికి కాదు, బాకీ వసూలు చేయడానికి. అంబేడ్కర్ కోరేగావ్‌లో నిలబడిన రెండున్నర నెలలకు, 1927 మార్చి 20న, మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగారు. వలంగ్‌కర్‌ది ఆ మహాడ్ ప్రాంతమే. సైన్యంలో చదువు నేర్చుకున్న పింఛనుదార్లు అక్కడ ముప్ఫై ఏళ్ల ముందే నేల దున్ని పెట్టారు. స్తంభం దగ్గర్నుంచి చెరువు దగ్గరికి నడవడం, ఆ పిల్లల ప్రశ్నకు నేనిచ్చే జవాబు ఇదే. చెరువు దాకా నడవనివాడు స్తంభానికి దండ వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే.

ఆనంద్ తేల్తుంబ్డే 2018 జనవరి మొదట్లో కోరేగావ్ కథలో పురాణం ఎంతుందో విమర్శిస్తూ రాశారు. ఆ ఏడాది జనవరి 1నే అక్కడికి వెళ్తున్న జనం మీద దాడులు జరిగాయి, ఆ గొడవల్లో ఒక యువకుడు చనిపోయాడు. తర్వాత దాని చుట్టూ అల్లిన కేసులో మన వరవరరావు గారితోపాటు తేల్తుంబ్డే కూడా జైలుకు వెళ్లారు. ఆయన లొంగిపోయింది 2020 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజున. ఆ స్తంభాన్ని మొక్కినవాడినీ, దాన్ని ప్రశ్నించినవాడినీ రాజ్యం ఒకే కళ్లతో చూసింది.

3. పదడుగుల నేల

ఇప్పుడు స్వతంత్ర భారతానికి వద్దాం. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న జాతీయ యుద్ధ స్మారకం తెరిచారు. 1947 తర్వాత చనిపోయిన 25,000 మందికి పైగా సైనికుల పేర్లు గ్రానైటు పలకల మీద ఉన్నాయి. పేరు, ర్యాంకు, పటాలం. కులం లేదు. చాలా మంచిది. నేను దాన్ని గౌరవిస్తాను.

అయితే చనిపోయినవాడి శవపేటిక ఢిల్లీలో ఆగదు. ఊరికి పోతుంది.

2016 జూన్‌లో కశ్మీరులోని పాంపోర్ దగ్గర సీఆర్పీఎఫ్ బస్సు మీద దాడి జరిగింది. 8 మంది జవాన్లు చనిపోయారు. వాళ్లలో ఒకరిది ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ జిల్లా, శికోహాబాద్ దగ్గరి పల్లె. కులం నట్. మూడు రంగుల జెండా కప్పుకుని శవం వచ్చింది. దహనం చేసి, తర్వాత విగ్రహం పెట్టుకోవడానికి ఉమ్మడి స్థలంలో కొద్దిపాటి చోటు అడిగారు ఇంటివాళ్లు. అది ఎవరి సొంత పొలమూ కాదు, సర్కారు స్థలం. పై కులాలవాళ్లు కుదరదన్నారు. అధికారులొచ్చి గంటల తరబడి బతిమాలితే తప్ప ఒప్పుకోలేదు. అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఆ కుటుంబం ఆ మనుషుల మధ్యే బతకాలి కాబట్టి నేను పేరు రాయడం లేదు.

అంటే 1915లో ఇంగ్లండులో సుఖాకి ఎదురైన ప్రశ్నే 101 ఏళ్ల తర్వాత, జెండా కప్పుకున్న జవానుకి సొంత ఊళ్లో ఎదురైంది.

మన తెలుగు పల్లెలకు ఇది కొత్త విషయమా? ఊరివాళ్ల శ్మశానం వేరు, మాలల దొడ్డి వేరు, మాదిగల దొడ్డి వేరు. చాలాచోట్ల మన శ్మశానానికి బాటే ఉండదు. వానాకాలం పాడె ఎత్తుకుని మోకాల్లోతు వరిచేలల్లో నడవాలి. చేనుగలవాడు గట్టుమీద నిలబడి తిడుతుంటే వినాలి. ఊరందరి చావుకూ డప్పు కొట్టేది మనమే, చావు కబురు మోసేది మనమే, గొయ్యి తవ్వేది మనమే. మన శవానికి మాత్రం చోటు వెతుక్కోవాలి.

జాషువా శ్మశానవాటిక పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో కాటిసీనుకు ప్రాణం. ఆ పద్యాలందుకోగానే ఊళ్లో అన్ని కులాలవాళ్లూ చప్పట్లు కొట్టి, ఒన్స్‌మోర్ అంటారు. చావు ముందు అందరూ సమానమన్న మాటకు కళ్లు తుడుచుకుంటారు. తెల్లారి ఎవరి శ్మశానానికి వాళ్లు పోతారు. సాహిత్యం పాఠం చెప్పేవాడిగా నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఇదే. పద్యం రాసింది మనవాడు, దాన్ని ఊరంతా పాడుకుంది, శ్మశానం గోడ మాత్రం కదల్లేదు.

అందుకే దేశభక్తి పరీక్ష మనకు పెట్టడానికి వచ్చేవాళ్లను నేను ఒకే మాట అడుగుతాను. మీ ఊళ్లో దళితుల శ్మశానం ఎక్కడుంది, దానికి బాట ఉందా?

విద్యార్థి మిత్రులకు కొన్ని పనులు. మీ వాడలో మిలిటరీ తాత అని పిలిపించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో అడగండి. పింఛను పుస్తకాలు, డిశ్చార్జి కాగితాలు, పతకాలు ట్రంకు పెట్టెల అడుగున ఉంటాయి. ఫొటోలు తీసిపెట్టండి. ఇంట్లో ముసలమ్మల మాటలు ఫోనులో రికార్డు చేయండి, వాళ్లున్నప్పుడే. యుద్ధ సమాధుల కమిషన్ జాబితా ఇంటర్నెట్టులో ఎవరైనా వెతకొచ్చు. అందులో మన జిల్లాల పేర్లు, మన ఇళ్లలో పెట్టుకునే పేర్లు వెతకండి. సిపాయి అన్న మాట దగ్గరే ఆగకండి, ఫాలోయరు, స్వీపరు, భిస్తీ, కూలీ అన్న మాటల దగ్గర కూడా ఆగి చూడండి. మనవాళ్లు ఎక్కువగా అక్కడే ఉంటారు.

కార్యకర్తలకు ఒకటే పని. వచ్చే గ్రామసభలో శ్మశాన స్థలం, దానికి బాట అడుగుతూ అర్జీ పెట్టండి. మీ ఊరినుంచి ఎవరైనా సైన్యంలోనో పోలీసులోనో పనిచేసి చనిపోయుంటే వాళ్ల పేరు అర్జీలో మొదటి వాక్యంలో రాయండి. మన పెద్దలు విజ్ఞాపనలు అలాగే రాశారు. తీసుకున్నట్టు సంతకంతో రసీదు మర్చిపోకండి.

వచ్చే భాగంలో మహాడ్ చెరువు నుంచి మన ఊరి బావుల దాకా వెళ్దాం. మీ దగ్గర కాగితాలో, జ్ఞాపకాలో ఉంటే రాయండి, కలిపి చదువుకుందాం.

జై భీమ్.