పడవను ట్రైలర్‌పై తీసుకెళ్తున్నారా? వెనుక మోటారుకు ఆసరా ఇలా ఇవ్వండి

వరద వస్తే పడవలు రోడ్డెక్కుతాయి. 2018 కేరళ వరదల్లో మత్స్యకారులు తమ పడవలను లారీల్లో ఎక్కించి ముంపు ఊళ్లకు తరలించారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ కాలనీల్లో జనాన్ని బయటకు తెచ్చిందీ పడవలే. అలాంటి వేళ పడవ సమయానికి చేరినా, దారిలో మోటారు దెబ్బతింటే ఇక తెడ్డే దిక్కు. సహాయక బృందాలైనా, సొంత పడవ ఉన్నవారైనా బయల్దేరే ముందు తెలుసుకోవాల్సిన విషయాలివి.

అసలు ఇబ్బంది ఎక్కడ?

ఔట్‌బోర్డ్ మోటారు బరువంతా పడవ వెనుక, అమరం వైపు ఉండే పలకపైనే పడుతుంది. దీన్ని ట్రాన్సమ్ అంటారు. 9.9 హెచ్‌పీ మోటారు సుమారు 40 కిలోలు ఉంటే, 40 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ మోటారు 100 కిలోలకు దగ్గరగా ఉంటుంది. ఫ్యాను నేలకు తగలకుండా మోటారును పైకి లేపితే ఆ బరువు పలక నుంచి మరింత వెనక్కి జరుగుతుంది. గుంత వచ్చినప్పుడల్లా గునపంతో పెకలించినట్లు పలకను లాగుతుంది. అలా కొన్నాళ్లకు ఫైబర్‌లో సన్నని పగుళ్లు వస్తాయి. లోపల చెక్క ఉంటే ఆ పగుళ్లలోంచి నీరు దిగి కుళ్లిపోతుంది.

మోటారును దించి ఉంచాలా? లేపి ఉంచాలా?

మోటారు అడుగుభాగానికీ రోడ్డుకూ మధ్య తగినంత ఎత్తు ఉంటే, నీటిలో నడిపేటప్పుడు ఉండే స్థితిలోనే నిలువుగా ఉంచడం మేలు. కానీ మన రోడ్లపై స్పీడ్‌బ్రేకర్లు, రైల్వే గేట్ల దగ్గర ఎత్తుపల్లాలు ఎక్కువ. తగులుతుందనే అనుమానం ఉంటే లేపాల్సిందే. అప్పుడు మాత్రం విడిగా ఆసరా తప్పనిసరి.

మోటారుకు ఉన్న లాక్ సరిపోదా?

సరిపోదు. చాలామంది చేసే పొరపాటు ఇదే. మోటారును లేపాక పడిపోకుండా ఆపే చిన్న లీవరు, పడవ నిలిపి ఉన్నప్పుడు వాడటానికే. రోడ్డు కుదుపులకు అది జారితే మోటారు ఒక్కసారిగా కిందికి పడుతుంది. హైడ్రాలిక్ టిల్ట్‌ను నమ్ముకున్నా, దారి పొడవునా ఆ బరువంతా దానిమీదే పడుతుంది.

ఆసరా రాడ్డు ఎలా బిగించాలి?

దీన్ని ట్రాన్సమ్ సేవర్ అంటారు. ఒక చివర ట్రైలర్ వెనుక రోలర్‌కు గానీ, అడ్డకమ్మీకి గానీ తగులుకుంటుంది. రెండో చివర వి ఆకారంలో రబ్బరు తొడుగుతో ఉంటుంది.

1. ముందుగా పడవ వెనుక భాగాన్ని రెండు వైపులా బెల్టులతో ట్రైలర్‌కు బిగించండి. పడవ ఎగిరెగిరి పడుతుంటే రాడ్డే మోటారును పొడుస్తుంది.
2. మోటారును లేపి, రాడ్డు అమర్చి, మోటారు కింది భాగం వి లో కూర్చునేలా నెమ్మదిగా దించండి.
3. రబ్బరు పట్టీతో కట్టండి. చేత్తో ఊపితే మోటారు, ట్రైలర్ కలిసి కదలాలి.
4. మోటారు కుడిఎడమలకు తిరగకుండా కట్టేయండి.

టిల్ట్ సిలిండరు రాడ్డుపై తొడిగే క్లిప్పులు కూడా దొరుకుతాయి. అవి మోటారు కిందపడకుండా ఆపుతాయే గానీ పలకపై భారాన్ని తగ్గించవు.

చిన్న మోటారైతే?

చేత్తో బిగించే రెండు స్క్రూలతో ఉండే చిన్న మోటారును విప్పి విడిగా తీసుకెళ్లడమే మంచిది. ముందు అందులోని నీరంతా కారిపోనివ్వండి. నిలబెట్టడం కుదరక పడుకోబెడితే, కంపెనీ గుర్తు పెట్టిన వైపే పడుకోబెట్టాలి. ఫోర్ స్ట్రోక్ మోటారును తప్పు వైపు పడుకోబెడితే ఆయిల్ సిలిండర్‌లోకి చేరుతుంది. ఇంజిన్ తల ఎప్పుడూ ఫ్యాను కంటే ఎత్తులోనే ఉండాలి.

బయల్దేరే ముందు ఇవీ చూసుకోండి

పెట్రోలు పైపు విప్పి, ట్యాంకు గాలి మర బిగించండి. లేపిన మోటారు ట్రైలర్ వెనక్కి పొడుచుకొస్తుంది కాబట్టి ఫ్యానుకు తొడుగు వేసి, వెనుక వచ్చేవారికి కనిపించేలా ఎర్ర గుడ్డ కట్టండి. అనుమతించిన హద్దు దాటి లోడు బయటకు వస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194(1ఎ) కింద రూ.20 వేల జరిమానా ఉంది. లోడు దించే ఖర్చూ మీదే. పది, పదిహేను కిలోమీటర్లు వెళ్లాక ఒకసారి ఆగి బెల్టులు మళ్లీ బిగించండి.

నీటి దగ్గరకు చేరాక తొందరపడొద్దు. మోటారును కొద్దిగా లేపి రాడ్డు తీసేయండి, వెనుక బెల్టులు విప్పండి. పడవ అడుగున నీరు పోయే రంధ్రానికి బిరడా ఉందో లేదో చూశాకే నీటిలోకి దించండి.