తలనొప్పికి కరెంటు వైద్యం – పాత ఫైలు ఒకటి

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు సర్వీసు జ్ఞాపకాలు వ్రాద్దామనుకున్నాను. కాని ఏడాదిగా మా ఇంట్లో నడుస్తున్న చర్చ వేరు. నా శ్రీమతికి ముప్పై ఏళ్ళుగా పార్శ్వపు నొప్పి. శొంఠి పట్టు, అమృతాంజనం, రకరకాల మాత్రలు అన్నీ అయ్యాయి. కిందటేడు నరాల డాక్టరుగారు, "మందులకు లొంగని తలనొప్పికి తల వెనుక తీగ అమర్చి నరానికి కరెంటు ఇచ్చే పద్ధతి ఉంది. అన్నీ అయ్యాకే దాని సంగతి" అన్నారు. ఆమె భయపడింది. నేను, గుమాస్తా బుద్ధి కదా, ముందు పాత ఫైలు చూద్దామని దాని చరిత్ర చదివాను.

ఈ ఫైలులో మొదటి కాగితం సుమారు రెండువేల ఏళ్ళ నాటిది. రోము చక్రవర్తి క్లాడియస్ కాలంలో, క్రీ.శ. 47 ప్రాంతంలో, స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు మొండి తలనొప్పికి టార్పిడో అనే సముద్రపు చేపను ప్రాణంతో ఉండగానే నొప్పి ఉన్నచోట పెట్టమని వ్రాశాడు. ఆ చేప ఒంట్లో విద్యుత్తు పుడుతుంది. తల తిమ్మిరెక్కి నొప్పి తగ్గేదట.

1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పికి ఒక గేటు వంటిది ఉందని ప్రతిపాదించారు. మోచేతికి దెబ్బ తగిలితే వెంటనే రుద్దుకుంటాం కదా. ఆ స్పర్శ నొప్పి కబురుకు గేటు వేస్తుందన్నమాట. 1967లో నార్మన్ షీలీ అనే అమెరికన్ సర్జన్ ఒక క్యాన్సర్ రోగి వెన్నుపాము దగ్గర మొదటిసారి కరెంటు సాధనం అమర్చాడు. 1999లో వైనర్, రీడ్ అనే వైద్యులు తల వెనుక చర్మం కింద తీగ దూర్చి, అక్కడి ఆక్సిపిటల్ నరానికి కరెంటు ఇచ్చి, 13 మంది రోగుల ఫలితాలు ప్రకటించారు. తీగ రెండో కొస ఛాతీలోనో, నడుం దగ్గరో చర్మం కింద ఉంచిన బ్యాటరీకి కలుస్తుంది. పేస్‌మేకర్ వంటిదే.

ఇక ఫలితాలు. ఒక కంటి చుట్టూ పొడిచినట్లు వచ్చే క్లస్టర్ తలనొప్పిపై నెదర్లాండ్స్ వైద్యుల ఆధ్వర్యంలో జరిగిన పరిశోధన 2021లో వెలువడింది. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ కరెంటు ఇచ్చారు. రెండు జట్లలోనూ నొప్పి వచ్చే సార్లు ఇంచుమించు సగానికి తగ్గాయి. పార్శ్వపు నొప్పిలో ఫలితాలు అంత నిలకడగా లేవు. తీగ జరగడం, చీము పట్టడం, బ్యాటరీ మార్చడానికి మళ్ళీ ఆపరేషను అదనం.

నన్ను ఆలోచనలో పడేసిన కాగితం మరొకటి. చెంప ఎముక వెనుక ఉండే నరాల ముడికి ఇటువంటి సాధనమే తయారుచేసిన అమెరికన్ కంపెనీ ఒకటి 2019లో మూతపడింది. అప్పటికే 700 మందికి పైగా దాన్ని అమర్చుకున్నారు. బాగా పనిచేసినవారికి సైతం, చెడిపోతే చూసే దిక్కు లేకుండా పోయింది.

పెన్షను మంజూరైనంతలో పని అయిపోదని మనకు తెలుసు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఆ ఫైలును ఎవరో ఒకరు చూస్తూండాలి. ఒంట్లో పెట్టిన యంత్రమూ అంతే. రోము వారి చేపతో ఆ బాధ లేదు, నొప్పి తగ్గగానే తీసేసేవారు.

మళ్ళీ వెళ్ళి డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడిగాం. ముందు కొన్నాళ్ళు తాత్కాలికంగా పెట్టి చూస్తారా? బ్యాటరీ ఎన్నేళ్ళు వస్తుంది? కంపెనీ లేకపోతే ఎవరు చూస్తారు? మొదటి రెంటికీ జవాబు దొరికింది. మూడోదానికి ఆయన దాపరికం లేకుండా, "హామీ ఇవ్వలేనండీ" అన్నారు. ప్రస్తుతానికి వద్దంది నా శ్రీమతి. తల ఆమెది, తీర్మానమూ ఆమెదే. మీలో ఎవరికైనా ఇటువంటి సలహా వస్తే, సంతకం పెట్టేముందు ఆ మూడో ప్రశ్న మరవకండి.