దూతధర్మం – విదేశాంగ కార్యదర్శి పదవి

ప్రభువు వాక్కును పరరాజ్యానికి చేర్చడం, పరరాజ్యపు ఆంతర్యాన్ని ప్రభువుకు ఉన్నదున్నట్లు విన్నవించడం దూతధర్మం. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో దూతలను నిసృష్టార్థుడు, పరిమితార్థుడు, శాసనహరుడు అని మూడు విధాలుగా విభజించాడు. వారిలో శ్రేష్ఠుడైన నిసృష్టార్థునికి అమాత్యుని గుణసంపద సమగ్రంగా ఉండాలని విధించాడు. నేటి భారత దౌత్యవ్యవస్థలో అధికారులందరికీ అగ్రణియైన విదేశాంగ కార్యదర్శి పదవిని ఈ ధర్మదృష్టితో పరిశీలించడం సముచితం.

ఈ పదవికి మూలం స్వరాజ్యంలో లేదు. 1783 సెప్టెంబరు 13న ఈస్టిండియా కంపెనీ కలకత్తాలోని ఫోర్ట్ విలియంలో ఒక ప్రత్యేక శాఖ స్థాపనకు తీర్మానించింది. వారెన్ హేస్టింగ్స్ ప్రభుత్వంపై ఉన్న రహస్య, రాజకీయ వ్యవహారాల భారాన్ని తగ్గించడమే దాని ప్రయోజనం. 1843లో గవర్నర్ జనరల్ ఎలెన్‌బరో సచివాలయాన్ని విదేశాంగ, హోం, ఆర్థిక, సైనిక శాఖలుగా విభజించి, ప్రతి శాఖను కార్యదర్శి స్థాయి అధికారికి అప్పగించాడు. విదేశాలతోనే గాక స్వదేశీ సంస్థానాధీశులతో జరిగే వ్యవహారాలు కూడా విదేశాంగ శాఖ పరిధిలోనివే. అనగా ఈ పుణ్యభూమిలో జన్మించిన రాజులు సైతం ఆ శాఖ దృష్టికి పరులే!

1946 అక్టోబరు 9న భారత విదేశాంగ సేవా వ్యవస్థ ఏర్పడింది. స్వాతంత్ర్యానంతరం 1948లో కె.పి.ఎస్. మీనన్ తొలి విదేశాంగ కార్యదర్శి అయ్యారు. 2001లో చోకిలా అయ్యర్ ఆ పీఠాన్ని అధిష్ఠించిన ప్రథమ మహిళ. పదవీనామం పాతదే, సేవింపబడే ప్రభువు మారాడు. వణిక్సంఘ స్వార్థానికి సాధనమైనది స్వతంత్ర జాతికి వాణి అయింది.

విదేశాంగ మంత్రిత్వశాఖ పాలనాభారం వహిస్తూ, రాయబారులు పంపే సమాచారాన్ని పరిశీలించి, మంత్రికి హితం చెప్పడం కార్యదర్శి కర్తవ్యం. నిర్ణయాధికారం మాత్రం ప్రజలెన్నుకున్న ప్రభుత్వానిదే. ఈ ధర్మసంకటానికి ఉద్యోగపర్వంలోని సంజయుడు దీపస్తంభం. ధృతరాష్ట్రుని దూతగా పాండవుల కడకు వెళ్లి, తిరిగివచ్చిన రాత్రియే తన ప్రభువు దోషాన్ని ప్రభువు ముఖంపైనే పలికాడు. మరునాడు నిండుసభలో పాండవుల సందేశాన్ని యథాతథంగా వినిపించాడు. రాజు ఆచరించలేదు, కురుకులం నశించింది. అయినా దూతకు దోషం అంటలేదు.

అప్రియమైనా పథ్యమైన మాట పలకడం కార్యదర్శి ధర్మం. దానిని ఆలకించడం పాలకుని ధర్మం. ఈ రెండింటిలో ఏది లోపించినా మూల్యం చెల్లించేది ప్రజలే.