దొండ తీగ తారీఖు

దొండకాయకు మన బజారులో పెద్ద ఇజ్జత్ లేదు. దావత్‌కు దాన్ని ఎవరూ పిలవరు. కానీ దాని తారీఖు తీస్తే చాలామంది బాద్షాల వంశాలకంటే పొడుగు.

ముందు ఖాందాన్ సంగతి. దోస, సొర, కాకర, బీర అన్నీ దొండకు రిష్తేదార్లే. కానీ దాని సగం రక్తం పంచుకున్న దగ్గరి బిరాదరీ, అంటే కొక్సీనియా అనే ప్రజాతిలోని ఇరవై పైచిలుకు తీగలు, అన్నీ ఆఫ్రికాలోనే ఉన్నాయి. అక్కడి నుంచి ఆసియా దాకా సఫర్ చేసింది దొండ ఒక్కటే. ఇక్కడికొచ్చాక దానికి బోలెడు పేర్లు. కన్నడలో తొండె, మరాఠీలో తోండలీ, ఉత్తరాది ఉర్దూలో కుందరూ. పాత తమిళంలో తొండై. తొండైమండలానికి ఆ పేరు ఈ తీగ వల్లే వచ్చిందని రివాయత్. మన చిత్తూరు వైపు నేల కొంత ఆ మండలంలోదే.

కితాబుల్లో మాత్రం దొండ ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. అమరకోశం దాన్ని రక్తఫల అంది. మేఘదూతంలో కాళిదాసు యక్షుడి భార్య పెదవిని పండిన దొండతో పోల్చాడు. మన తెలుగు షాయర్లూ దొండపండు పెదవులను వదల్లేదు. 1834లో కంపెనీ డాక్టరు రాబర్ట్ వైట్, అతని దోస్తు ఆర్నాట్ కలిసి కొక్సీనియా అని పేరు పెట్టినప్పుడు కూడా వాళ్ల మనసులో ఉన్నది ఎరుపే. లాటిన్‌లో ఆ మాటకు మూలం ఎర్ర రంగు.

రైతు లెక్కలో పండిన దొండ అంటే కోయడం మరిచిన దొండ. కూరకు కావాల్సింది పచ్చిది, లేతది, చేదు లేనిది. కంచెల మీద పాకే కాకిదొండ చేదు. ఏ జమానాలోనో ఎవరో చేదు లేని తీగను నాలుకతో పసిగట్టారు. దాన్ని నిలుపుకోవడం ఆసాన్ కాదు. దొండలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. గింజ వేస్తే సగం దాకా మగవే మొలుస్తాయి. అవి పూస్తాయి గానీ కాయవు. ఆడదే మొలిచినా తల్లి రుచి వస్తుందన్న భరోసా లేదు. మగ తీగలో వై క్రోమోజోమ్ బాగా పెద్దదని మన దేశపు శాస్త్రజ్ఞులు ఖుర్దుబీన్ కింద చూసి 1940ల్లో రాశారు. తోటవాళ్లు ఖుర్దుబీన్ లేకుండానే ఇలాజ్ కనిపెట్టారు.

కాసే తీగ నుంచి పెన్సిలంత లావు ముక్క, మూడు నాలుగు కణుపులున్నది కోసి మట్టిలో గుచ్చాలి. పందిరి ఎక్కిస్తే రెండు మూడు నెలల్లో కాపు. ఆపైన రెండు మూడు రోజులకోసారి కోత. చలికాలంలో తీగ నిద్రపోతుంది. అప్పుడు కత్తిరిస్తే మళ్లీ చిగురేస్తుంది. అలా మూడు నాలుగేళ్లు కాస్తుంది. మళ్లీ దాని ముక్కే ఇంకో ఇంటికి వెళ్తుంది. అంటే మన పందిరి మీదున్నది పాత తీగ బిడ్డ కూడా కాదు, ఆ పాత తీగే. చేతులే మారాయి.

పండితులు దాని మీద ఒక ఇల్జామ్ కూడా వేశారు, తింటే బుద్ధి మందగిస్తుందని. ఆ మాట నేటికీ వినబడుతుంది. అయినా ముక్కలు ఇచ్చిపుచ్చుకోవడం ఆగలేదు.

ఆ చేతుల ఖీమత్ ఎంతో హవాయి దీవుల్లో తెలిసింది. కూరగాయగా వెళ్లిన దొండ అక్కడ కంచెలు దాటి చెట్లను కప్పేసింది. చివరికి 1990ల్లో దాని సహజ దుష్మన్‌లైన పురుగులను ఆఫ్రికాలోని కెన్యా నుంచి తెచ్చి వదిలారు. తీగ మారలేదు. పందిరి కట్టి, కత్తి పట్టి, రోజు విడిచి రోజు కోసే మనిషి లేడు, అంతే.

ఎరుపును పొగిడిన షాయర్ల పేర్లు మిగిలాయి. పచ్చి కాయను మనకు మిగిల్చిన వాళ్ల పేరు ఏ కితాబులోనూ లేదు. మీ ఇంట్లో దొండ పందిరి ఉంటే, ఆ ముక్క ఎవరి వాకిట్లోంచి వచ్చిందో మీ అమ్మీని, దాదీని అడగండి. చెప్పింది రాసి పెట్టుకోండి. దొండ తారీఖులో రాయకుండా మిగిలిపోయిన సఫా అదే.