అమ్మను "ఇట్" అన్న రోజు – మన సర్వనామాల చరిత్ర

పోస్టు కొంచెం పెద్దగున్నది, ఓపికతోని చదవండ్రి. ముఖ్యంగ డిగ్రీ, పోటీ పరీక్షలకు తయారయ్యే తమ్ముళ్లు, చెల్లెళ్లు చదవాలె.

డిగ్రీల ఉన్నప్పుడు కరీంనగర్‌ల ఒక స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకు పోయిన. అమ్మ గురించి నాలుగు మాటలు చెప్పమన్నరు. లేచి, "మై మదర్ ఈజ్ ఏ ఫార్మర్. ఇట్ గెట్స్ అప్ ఎట్ ఫోర్" అన్న. క్లాసంత నవ్వింది. "అమ్మ ఏమన్న వస్తువా?" అని సారు గూడ నవ్విండు. ఆ తర్వాత నెల రోజులు నేను అక్కడ నోరు తెరవలే.

తప్పు తప్పే. కానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు ఎవరూ చెప్పలే. మన గోండిల మగమనిషి ఒక్కడైతే "వోర్" అంటం. ఆడమనిషైనా, ఆవైనా, చెట్టైనా, రాయైనా "అద్" అంటం. ఇది అమ్మను తక్కువ చేసుడు కాదు, ద్రావిడ భాషల పాత లెక్క. కొలామిల గూడ ఇదే పద్ధతి. తెలుగుల చూడండ్రి: "ఆమె వచ్చింది", "బస్సు వచ్చింది". క్రియ ఒక్కటే కదా! తెలుగు వాళ్లను చూసి ఎవరూ నవ్వరు. ఎక్కువమంది అయినప్పుడు తెలుగు ఆడోళ్లను మగోళ్లతోని కలిపి "వాళ్లు వచ్చిండ్రు" అంటది. గోండిల మగోళ్లు "వోర్క్", మిగిలినయన్నీ "అవ్".

అంటే గోండి లోకాన్ని రెండు భాగాలు చేస్తది, ఇంగ్లీష్ మూడు చేస్తది: హి, షి, ఇట్. నా నాలుక రెండో గంపల ఉన్నదంతా తీసి "ఇట్"ల పోసింది. తెలివి లేక కాదు, లెక్క వేరై.

ఇంగ్లీష్ లెక్క గూడ మొదటి నుంచి ఇట్లనే లేదు. "దే" అనే మాట వాళ్లది కాదు, ఇంగ్లాండ్ మీదికి వచ్చి అక్కడనే స్థిరపడ్డ వైకింగుల భాషది. పాత ఇంగ్లీష్‌ల ఇద్దరి కోసమే "విట్" అని ఒక "మేమిద్దరం" ఉండేది, అది పోయింది. మన "నువ్వు" లెక్క "దౌ" ఉండేది, "మీరు" లెక్క "యు" ఉండేది. పెద్దోళ్లను "యు", కిందోళ్లను "దౌ" అనేటోళ్లు. 17వ శతాబ్దంల క్వేకర్లు అనేటోళ్లు మనుషులందరు సమానమే అని దొరలను గూడ "దౌ" అన్నరు, తన్నులు తిన్నరు. ఆఖరికి "దౌ" వాడుకలోంచి పోయి అందరికీ "యు" మిగిలింది. మన తాతలు ఆఫీసుల ముంగట చేతులు కట్టుకొని నిలబడి "నువ్వు", "ఏందిరా" అనిపించుకున్నరు. ఇంగ్లీష్‌ల కలెక్టరైనా "యు", మనమైనా "యు". ఇది మనకు పనికొచ్చే సంగతి.

ఇప్పుడు మన జిల్లా చరిత్రకు వద్దాం. 1940ల జోడేఘాట్‌ల కొమురం భీం అమరుడైనంక, గోండుల కష్టాలు తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిల ఉన్నరు. 1943ల అక్కడనే గోండు టీచర్లకు ట్రైనింగ్ మొదలైంది. మొదటి వాచకాలు గోండి భాషల, దేవనాగరి లిపిల వచ్చినయి. ముందు ఇంటి భాష, తర్వాత బయటి భాష. ఆ వరుస నాకు దొరికి ఉంటే, "అద్" మీద నిలబడి "షి", "ఇట్" వేరు చేసుకునేటోణ్ని, నెల రోజులు మూగోని లెక్క కూర్చునేటోణ్ని కాదు. ఇయ్యాల గుంజాల గోండి లిపి గూడ 2018ల యూనికోడ్‌లకు ఎక్కింది. అవకాశం మళ్ల వచ్చింది.

ఇంకొకటి. "వి" అనే మాటల మన దగ్గర ఉన్నంత వివరం లేదు. తెలుగుల "మనం" అంటే ఎదుటోడు గూడ లోపలే, "మేము" అంటే బయట. కొలామిల గూడ ఈ రెండూ వేరే. రాజ్యాంగ పీఠిక ఇంగ్లీష్‌ల "వి" అని మొదలైతది. తెలుగు చేసినోళ్లు ఏదో ఒకటి ఎంచుకోక తప్పలే, "మేము" అని రాసిండ్రు. మన "మావ నాటే మావ రాజ్" చూడండ్రి, "మా ఊళ్లె మా రాజ్యం". "మావ" అనే ఒక్క సర్వనామంలనే మన కొట్లాటంత ఉన్నది. గోండి "నావ, మావ, నీవ, మీవ", తెలుగు "నా, మా, నీ, మీ" అక్కచెల్లెండ్లు. ఇంగ్లీష్ "మై, అవర్, యువర్" నేర్చేటప్పుడు వీటి పక్కన పెట్టి రాసుకోండ్రి, తొందరగ పడతయి.

నేను వాడే ఉపాయం ఇది. వాక్యం మొదలుపెట్టే ముందు "వోరా, అదా?" అని అడుగుత. వోర్ అయితే "హి". అద్ అయితే ఇంకో ప్రశ్న: మనిషా, కాదా? మనిషైతే "షి", కాకపోతే "ఇట్". వారం రోజులు చేస్తే అలవాటైతది.

ఇయ్యాల రాత్రి మీ అవ్వ దగ్గర కూర్చొని నేను, నువ్వు, ఆయన, ఆమె, మనం, మేము మీ భాషల ఏమంటరో అడిగి గ్రూపుల పెట్టండ్రి. గోండి, కొలామి, లంబాడి, ఏదైనా సరే. రేపు క్లాసుల ఎవరన్న నవ్వితే తల దించకుండ్రి. తప్పు దిద్దుకోండ్రి, మళ్ల మాట్లాడండ్రి.