చేపల సాంద్రత, రక్త ఆరోగ్యం (మంథని ప్రాంతం)

ఒక హెక్టారు చెరువులో ఎన్ని చేపపిల్లలు వదిలారన్న లెక్కే సాంద్రత. అది మితిమీరితే బరువు తగ్గిన సంగతి తెలియడానికి నెలలు పడుతుంది. రక్తం మాత్రం ముందే మారుతుంది.

మంథని గోదావరి కుడి ఒడ్డున ఉంది. 2016 వరకు కరీంనగర్ జిల్లాలోనిది, ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలోనిది. కాకతీయుల నాటి నుంచి నిజాం పాలన ముగిసేదాకా ఈ ప్రాంతపు చెరువుల్లో ప్రధానంగా వాగులు, వరదల వెంట వచ్చిన చేపలే పెరిగేవి.

1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలీకున్హి పీయూష గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి, కార్పు జాతి చేపతో గుడ్లు పెట్టించారు. అంతవరకు ఎక్కువగా నదిలో దొరికినంత పిల్లే గతి. ఆపై కోరినంత పిల్ల చేతికొచ్చింది. దేశ మత్స్య పరిశోధనలో ఇంత ఫలవంతమైన ప్రయోగం అరుదు. జులై 10ని జాతీయ మత్స్య రైతు దినోత్సవంగా జరుపుకోవడం అందుకే. 1959లో జపాన్ నుంచి వెండి కార్పు, హాంకాంగ్ నుంచి గడ్డి కార్పు వచ్చాయి. 1971లో మొదలైన అఖిల భారత మిశ్రమ చేపల పెంపకం పథకం వీటిని బొచ్చె, రోహు, మ్రిగాల, బంగారు తీగలతో కలిపి పెంచింది. పైనీటిలో మేసేవి, నడినీటిలో మేసేవి, అడుగున మేసేవి మేతకు పోటీపడవు కాబట్టి, హెక్టారుకు సుమారు 5,000 పిల్లలు వదలడం వాడుకైంది.

రక్త పరీక్ష ఇంత వేగంగా ఎదగలేదు. చేప ఎర్రకణాల్లో కేంద్రకం ఉంటుంది. మనుషుల రక్తం లెక్కించే యంత్రాలు వాటిని తెల్లకణాలుగా పొరబడతాయి. సూక్ష్మదర్శిని కింద గళ్ల పలకపై చేత్తో లెక్కించాల్సిందే. 1960లో హెస్సర్, 1973లో బ్లాక్స్‌హాల్, డైస్లీ ప్రచురించిన పద్ధతులు ఈ పనికి పునాది.

చేపలు కిక్కిరిస్తే ఒత్తిడి హార్మోను కార్టిసాల్ పెరుగుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది; తెల్లకణాల్లో లింఫోసైట్లు తగ్గి న్యూట్రోఫిల్స్ నిష్పత్తి పెరుగుతుంది. ఆక్సిజన్ చాలనప్పుడు ప్లీహం దాచుకున్న ఎర్రకణాలను వదలడంతో హిమోగ్లోబిన్ మొదట పెరిగినట్టు కనబడవచ్చు. ఒత్తిడి నెలల తరబడి సాగితే రక్తహీనత రావచ్చు. మేత మిగిలి, మలం పేరుకుని నైట్రైట్ ఎక్కువైతే హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేని రూపానికి మారి, రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. నీటిలో ఉప్పు పెరిగితే క్లోరైడు మొప్పల దగ్గర నైట్రైటును అడ్డుకుంటుంది. వల వేసి పట్టడమే ఒత్తిడి కాబట్టి, తోక దగ్గరి సిర నుంచి నమూనా తీయడంలో జాప్యం జరిగితే అంకెలు నమ్మదగినవి కావు. గాలి పీల్చగల కొరమీను, తెలంగాణ రాష్ట్ర చేప, ఆక్సిజన్ కొరతను కార్పుల కన్నా బాగా తట్టుకుంటుంది. నైట్రైటు విషయంలో ఆ ధీమా లేదు.

2016–17లో రాష్ట్ర ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదిలే పథకం మొదలుపెట్టింది. ఎండాకాలంలో ఎండే చెరువులకు చిన్న పిల్లలు, ఏడాది పొడవునా నీరుండే వాటికి పెద్ద పిల్లలు ఇస్తారు. మంథని వైపు చెరువుల్లో వదిలిన సంఖ్య మారకపోయినా సాంద్రత మారుతుంది: ఏప్రిల్‌, మే నెలల్లో నీరు సగానికి తగ్గితే ఉన్న చేపలే రెట్టింపు కిక్కిరిసినట్టు. అందుకే వేసవికి ముందే పెద్ద చేపలను పట్టి, మిగిలిన వాటికి చోటు చేస్తారు.